అక్కా నేనూ ముందు పళ్ళూ

మాకు ఆ పళ్ళు నాన్న వైపునుంచి వచ్చాయి. పైవరసలో నడిమి రెండు పళ్ళకీ అటొకటి ఇటొకటి ఉండాల్సినవి మాకు సరిగా పెరగలేదు. చిగురులోంచి మేకు మొనలా సన్నగా పొడుచుకొచ్చి అక్కడే ఆగిపోయాయి. వాటి చుట్టూ సందులు. నడిమి పళ్ళు కూడా అంచుల్లో నొక్కులు పడి కొరికిన బిస్కెట్టులా ఉండేవి. నాన్నకి గుబురు మీసం ఉండేది కాబట్టి ఆయనవి ఎవరి కంటా పడలేదు. అక్కకీ నాకూ అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి తప్ప ఏమీ లేదు.

మాది పర్చూరు వైపు పల్లె. నాన్న మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. అక్క పాడేది. పాటల పుస్తకాన్ని ముక్కుదాకా ఎత్తి పట్టుకుని పాడేది. పుస్తకం కాస్త దించమ్మా, పాట మాదాకా రావాలి కదా అని పాస్టరు గారు అంటే రెండు చరణాల వరకూ దించి, మూడో చరణానికి మళ్ళీ ఎత్తేది. బళ్ళో మమ్మల్ని ఎలకపళ్ళోళ్ళు అనేవాళ్ళు. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఎవరైనా అలా అంటే పోట్లాడేది కాదు, నా చెయ్యి పట్టుకుని గబగబా నడిచేది.

తర్వాత అక్క పొన్నూరు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరైంది. బావగారికి అక్కడే ఎరువుల కొట్టు. నేను గుంటూరు బయట ఒక కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు పని చూస్తాను. రైతులు తెచ్చిన మిర్చి టిక్కీలకి, అంటే బస్తాలకి, చీటీలు రాయడం నా పని. అక్కడ ఘాటుకి అందరం ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునే ఉంటాం. అందుకే నీకు ఆ ఉద్యోగం అంత నచ్చిందే అని అక్క ఏడిపించేది. మా ఆయన కరెంటాఫీసులో పనిచేస్తారు, కాపురం చిలకలూరిపేటలో. మాకు పిల్లలు లేరు. అక్కకి ఒక్కతే కూతురు, గుంటూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అక్క పళ్ళు దానికీ వచ్చాయి.

పళ్ళు బాగు చేయించుకోవాలన్న ఆలోచన అక్కదే. ఒకరోజు క్లాసులో ఏదో పాఠం చెబుతూ నవ్వితే, ముందు బెంచీలో ఆడపిల్ల లేచి, టీచర్, మీరు నవ్వేటప్పుడు నోరెందుకు మూసుకుంటారు అని అడిగిందట. ఆ పిల్ల వెటకారానికి అడగలేదట, నిజంగానే తెలుసుకోవాలని అడిగిందట. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది.

"తెలుగు టీచర్నే నేను. ఆ పిల్లకి జవాబు చెప్పడానికి నాకు మాట రాకపోవడమేంటే?"

ఈ వయసులో మనకెందుకక్కా అన్నాను. నలభై దాటినవాళ్ళం, ఇప్పుడు ఎవరు చూడాలని అన్నాను. అక్క వినలేదు.

"నేనొక్కదాన్నే చేయించుకుంటే, నిన్ను చూసినప్పుడల్లా నా పాత మొహమే కనపడుద్ది నాకు. ఇద్దరం కలిసే చేయించుకుందాం."

గుంటూరు బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఒక శనివారం ఇద్దరం వెళ్ళాం. ఆవిడకి మా కంటే చిన్న వయసే ఉంటుంది. మా నోళ్ళు చూసి, ఇద్దరిదీ ఒకే అచ్చండీ అంది. పన్ను పీకక్కర్లేదని, ముందు భాగం కొద్దిగా అరగదీసి, పెట్టుడు గోరంత పలుచటి పింగాణీ పెచ్చుని దానిమీద అతికిస్తామని చెప్పింది. వాటిని వెనీర్లు అంటారట. సన్నగా ఉన్న పన్ను మామూలు పన్నులా వెడల్పుగా కనిపిస్తుంది, సందులు మూసుకుపోతాయి. ముందుగా ఫొటోలు తీసింది. పెదాలు రెండువైపులా లాగి పట్టడానికి నోట్లో ఒక ప్లాస్టిక్ ఆకు లాంటిది పెట్టింది. అలా పళ్ళన్నీ బయటపెట్టుకుని ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. నవ్వాగలేదు. అక్క గడ్డం మీదుగా చొంగ కారింది. తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయి, డాక్టరమ్మ కదలొద్దంటే, చెయ్యి గాల్లోనే ఆపేసి ఇంకా నవ్వింది. తర్వాత చల్లటి ముద్ద ఒకటి నోట్లో పెట్టి పళ్ళ అచ్చు తీసుకుంది. ఆ అచ్చులో సుద్ద పోసి పళ్ళ బొమ్మ చేసి, దానిమీద మైనంతో కొత్త పళ్ళు దిద్ది చూపిస్తానంది. మార్చిలో రమ్మంది. బయటికొచ్చి హోటల్లో పెసరట్టు తిన్నాం. పొన్నూరు బస్సెక్కుతూ అక్క కిటికీలోంచి ఏదో చెప్పింది. హారన్లలో నాకు వినపడలేదు. సరేలే, ఫోన్ చేస్తా అన్నట్టు చెయ్యి చూపించింది.

ఆ నెల దాటకుండానే అక్క చనిపోయింది.

స్టాఫ్ రూములో తలనొప్పిగా ఉందని బల్ల మీద తల ఆనించిందట. కాసేపు పడుకుందిలే అనుకున్నారట తోటి టీచర్లు. బెల్లు కొట్టినా లేవకపోతే అప్పుడు చూశారు. గుంటూరు తీసుకొచ్చారు. మెదడులో నరం చిట్లిందన్నారు. బావగారు ఫోన్ చేసేసరికి నేను గోడౌన్ గుమ్మంలో ఉన్నాను. సీజను కదా, రోడ్డు దాకా లారీలు బారులు తీరి ఉన్నాయి. చీటీల కట్ట పక్కవాడికిచ్చి ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో నర్సు నన్ను దగ్గరికి రానిచ్చే ముందు, చేతులు కడుక్కోండమ్మా, మీ మీద మిరప ధూళి ఉంది అంది. కడుక్కున్నాను. మోచేతుల దాకా సబ్బు పెట్టి శుభ్రంగా కడుక్కున్నాను. అక్క నోట్లో గొట్టం పెట్టి, కదలకుండా టేపు అంటించారు. చీకటి పడేలోపు ఇక లేదన్నారు.

పొన్నూరు సమాధుల తోటలో పెట్టె మూసే ముందు ఆడవాళ్ళంతా ఒక్కొక్కరూ వచ్చి చూసి, నవ్వుతూ పడుకున్నట్టే ఉంది అన్నారు. అక్క పెదాలు కలిపి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి అడ్డం లేకుండా నవ్వడం డాక్టరమ్మ దగ్గర ఆ ఒక్కసారే చూశాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమో అని కాసేపు ఎదురుచూశాను కూడా. రాకపోతే, వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వడానికి వెళ్ళాను.

నాన్న పోయినప్పటినుంచీ అమ్మ పల్లెలో ఒక్కతే ఉండేది. అక్క పోయాక చిలకలూరిపేట తీసుకొచ్చేశాను. అమ్మ నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూసేది కాదు, నోటివైపు చూసేది. చెవులు తగ్గుతున్నాయేమో, పెదాల కదలిక చూస్తోందేమో అనుకుని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను.

అక్క కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక జరిగిన మర్నాడు క్లినిక్కునుంచి ఫోనొచ్చింది. రేపు మీ ఇద్దరికీ అపాయింట్‌మెంటుంది మేడమ్, కన్ఫర్మ్ చేసుకుందామని అంది అక్కడి అమ్మాయి. వద్దని చెబుదామనే అనుకున్నాను.

"ఒక్కళ్ళమే వస్తామండి," అన్నాను.

ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ రోజుల్లో ఎవరేం చెబితే అది చేస్తున్నాను. అన్నం తినమంటే తింటున్నాను, పడుకోమంటే పడుకుంటున్నాను. పదకొండింటికి రమ్మన్నారు, వెళ్ళాను.

కుర్చీ పక్క బల్ల మీద సుద్ద బొమ్మలు పెట్టి ఉన్నాయి. నావీ, అక్కవీ. ఒక్కొక్కరికి రెండేసి, ఉన్నవి ఉన్నట్టుగా ఒకటి, మైనంతో దిద్దింది ఒకటి. డాక్టరమ్మ చేతికి గ్లవుజులు వేసుకుంటూ, అక్కగారు రాలేదా అని అడిగింది.

"లేరండి."

ఊళ్ళో లేదనుకుంది. అయితే ఆవిడకి వచ్చేవారం వేద్దామా అని క్యాలెండరు వైపు తిరిగింది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. పొన్నూరు వెళ్ళే బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ గ్లవుజులు తీసేసి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. మీరు తర్వాత రండమ్మా, ఎప్పుడైనా చేయించుకోవచ్చు, ఏం తొందరలేదు అంది.

"చేసెయ్యండి. వచ్చాను కదా," అన్నాను.

సరేనని లేచి గ్లవుజులు మళ్ళీ వేసుకుంది. ముందు తెల్లటి మెత్తటి పదార్థం ఏదో పళ్ళ మీద అచ్చువేసి, చివరికి ఎలా ఉంటాయో చూపించడానికి అద్దం ఇచ్చింది. అద్దంలో పళ్ళన్నీ సమంగా ఉన్న ఎవరో ఆవిడ కనిపించింది. ఎలా ఉందండీ అంటే బాగుందన్నాను. స అక్షరం, వ అక్షరం సరిగా పలుకుతాయో లేదో చూడాలి, సాయంత్రం అనండి, సంతోషం అనండి, వసంతం అనండి అంది. అన్నాను. సంతోషం అన్నప్పుడు కొంచెం ఈల వచ్చింది. అంచు కాస్త తగ్గించి, మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాను.

తర్వాత చిగురులో ఇంజెక్షను చేసింది. కాసేపాగి, పై పెదవి మొద్దుబారిందా అని అడిగింది.

"తెలియట్లేదండి."

వెటకారంగా అనలేదు, నిజంగానే నాకు తేడా తెలియలేదు. ఆవిడ ఏదో మొనతో పెదవి మీద గుచ్చి, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అంటూ తనే చూసుకుని మొదలుపెట్టింది. నీళ్ళు చిమ్ముతూ యంత్రం తిరిగింది. కాలిన గోరు వాసన లాంటిదొకటి వచ్చింది. నాలుగు పళ్ళు, పైపైన అరగదీసింది. కొలతలు తీసుకుంది, నా పక్క పళ్ళ రంగుకి దగ్గరగా ఉన్నదాన్ని వెతికి రాసుకుంది. పింగాణీవి ల్యాబునుంచి వచ్చేదాకా ఇవి ఉంటాయని తాత్కాలికంగా నాలుగు ప్లాస్టిక్ తొడుగులు అతికించింది.

నేను లేచి సంచీ తీసుకుంటుంటే ఆవిడ అక్క పళ్ళ బొమ్మను చేతిలోకి తీసుకుంది. మైనం దిద్దనిది. పనైపోయినవాటిని మేం పారేస్తామమ్మా, ఇది పారెయ్యలేను, మీకిచ్చెయ్యనా అని అడిగింది. టిష్యూ కాగితంలో చుట్టి ఇస్తే లంచ్ సంచీలో గిన్నె పక్కన పెట్టుకున్నాను. బస్సులో ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే మొద్దుబారిన పెదవి మీదుగా చారు జారి గడ్డం మీదికి వచ్చింది. అమ్మ కొంగుతో తుడిచింది. ఏం చేయించుకున్నావని అడగలేదు. బొమ్మను బీరువాలో చీరల మధ్య పెట్టాను. అక్కడ కాకపోతే ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు.

తర్వాత ఒకరోజు బావగారు అమ్మని చూడటానికి వచ్చారు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కొట్టు తెరుస్తున్నారా అంటే తెరుస్తున్నానన్నారు. అమ్మాయితో మాట్లాడుతున్నారా అంటే రోజూ ఫోన్ చేస్తుందన్నారు. అమ్మ టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు నేను బీరువా తీసి ఆ పొట్లం తెచ్చి ఇచ్చాను. ఏంటో చెప్పాను. ఆయన కాగితం విప్పి చాలాసేపు చూశారు. మేకులాంటి ఆ చిన్న పన్ను మీద బొటనవేలు పెట్టారు.

"ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. ఈ పళ్ళని ఎప్పుడూ ఇంత సరిగ్గా చూడలేదమ్మాయ్. చెయ్యి అడ్డం పెట్టుకునేది గదా."

నేను తీసుకెళ్ళనా అని అడిగారు. తీసుకెళ్ళండి అన్నాను. చొక్కా జేబులో పట్టలేదు. చేతిరుమాల్లో చుట్టి, అలాగే చేత్తో పట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయారు. టీ తాగకుండానే వెళ్ళారని అమ్మ నొచ్చుకుంది.

పింగాణీ పళ్ళు వచ్చాయని పిలిస్తే వెళ్ళాను. తొడుగులు తీసి, పళ్ళకి నీలం జెల్లు రాసి, కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క పెచ్చునే అతికించి నీలం లైటు పట్టింది డాక్టరమ్మ. పెచ్చులు అరచేతిలో పెట్టి చూపించినప్పుడు చేప పొలుసుల్లా ఉన్నాయి. రంగు కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి సరిచేసింది. చెరుకు, గట్టి జంతికలు ముందు పళ్ళతో కొరకొద్దని, దారం పళ్ళతో తెంపొద్దని చెప్పింది. ఆవిడ పని చాలా చక్కగా చేసింది. చూసినవాళ్ళెవరూ అతికించిన పళ్ళనుకోరు.

మర్నాడు ఆఫీసులో గుడ్డ తీసి టీ తాగుతుంటే కాటా దగ్గరుండే ఆయన, ఏదో కొత్తగా ఉన్నారు మేడమ్ అన్నారు. మా ఆయన బాగుందన్నారు, ముందే చేయించుకోవాల్సింది అన్నారు. అందరూ బాగుందన్నారు. నేను థాంక్స్ చెప్పాను. నవ్వు రాని మనిషికి నవ్వడానికి మంచి పళ్ళు వచ్చాయి, అంతే.

అమ్మ మాత్రం ఏదీ చూపించవే అని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. బాగున్నయ్యంది. ఆ తర్వాతనుంచి నా నోటివైపు చూడటం మానేసింది. మాట్లాడితే గోడనో, గుమ్మాన్నో చూసి మాట్లాడేది. ఒక పొద్దున కందిపప్పులో రాళ్ళు ఏరుతూ, పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే అంది.

"అది గుర్తొస్తే నీ నోరు చూసేదాన్ని. అచ్చం అట్టానే ఉండేది గదా. నిన్ననడం లేదులే. నీవి బాగున్నయ్."

నేనప్పుడు ఏదైనా అనాల్సింది. దగ్గరికెళ్ళి కూర్చోవాల్సింది. బాధపడాల్సిన మాట అది అని తెలుస్తోంది, కానీ ఆ బాధ ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంది. కుక్కర్ కడిగి బోర్లించి, పప్పు ఇటివ్వమ్మా అన్నాను.

పరీక్షలయ్యాక అక్క కూతురు సెలవులకి మా ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ లేని ఇంటికి వెళ్ళడానికి భయపడుతోందని, కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండని బావగారే పంపారు. మొదటి రెండు రోజులు ఫోను చూసుకుంటూ పడుకుంది. మూడోరోజు నేను తల దువ్వుకుంటుంటే వెనకనుంచి వచ్చి, అద్దంలో నా పక్కన మొహం పెట్టి, పెదవి పైకెత్తింది. సన్నటి ఆ రెండు పళ్ళూ అద్దంలో కనిపించాయి.

"పిన్నీ, నాక్కూడా చేయిస్తావా? అమ్మ చేయిస్తానంది."

అమ్మ మంచం మీద కూర్చుని వింటోంది. ఇప్పుడు వద్దంటుంది, ఇంకెవరివి చూసుకోవాలి అనుకుంటుంది అని నాకు అనిపించింది. పిల్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"రేపే పోదాం పద. నేనూ వస్తా," అంది అమ్మ.

ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ పిల్ల నోరు చూసి, పదిహేడేళ్ళకి పింగాణీవి వద్దు, చిగుళ్ళు ఇంకా కుదురుకోవాలి, కొన్నేళ్ళాగి చేద్దాం అంది. పిల్ల మొహం మాడిపోయింది. అది చూసి, కావాలంటే పన్ను అరగదీయకుండా పంటి రంగు మెత్తటి ముద్దతో ఇవాళే ఆకారం తెస్తాను, అప్పుడప్పుడూ సరిచేయించుకుంటూ ఉండాలి అంది. పిల్ల నా వైపు కూడా చూడకుండా కుర్చీలో వెనక్కి వాలింది.

అమ్మా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల యంత్రం చప్పుడు. అమ్మ చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి, నన్ను కాకుండా తలుపుని చూస్తూ మాట్లాడింది.

"చిన్నప్పుడు మీ ఇద్దరికీ నేనే నేర్పా. నలుగుర్లో ఉన్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోండే, పళ్ళు కనపడతయ్ అని. ఎవరన్నా నవ్వుతారని నా బాధ. అది పోయేదాకా అట్టానే పెట్టుకుంది. దీనికన్నా ఆ అలవాటు రాకూడదు."

నాకది గుర్తులేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాకు పుట్టుకతో వచ్చిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు చెప్పకపోయినా పెట్టుకునేవాళ్ళంలే అమ్మా అన్నాను. ఏమోలే అంది.

పిల్ల బయటికొచ్చి అమ్మమ్మ ముందు నిలబడి పళ్ళు చూపించింది. చాలాసేపు తెరిచి ఉంచి నోరు పట్టేసినట్టుంది, నవ్వు ఒక పక్కకి పోయింది. అమ్మ దాని రెండు చెంపలూ పట్టుకుని, సుబ్బరంగా ఉన్నయ్ అంది. మెట్లు దిగుతూ పిల్ల ఫోను తీసి వాళ్ళ నాన్నకి ఫొటో పంపింది. చూసిన గుర్తు వచ్చింది కానీ, జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఒక్క మాటే రాశారు, బాగుంది తల్లీ అని.

చిలకలూరిపేట బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన, నేను మధ్యలో, పిల్ల ఇటువైపు. మిర్చి యార్డు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా టిక్కీలు దింపుతున్నారు. బస్సులో ఘాటు నిండింది. ముందు డ్రైవరు తుమ్మాడు, తర్వాత బస్సంతా దగ్గులూ తుమ్ములే. రోజూ దాని మధ్య బతికేదాన్ని, నాకు ఘాటు తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది. పిల్ల ముక్కుకి చున్నీ పెట్టుకుని నా భుజం మీద తల వాల్చింది. దాని జుట్టు నా చెంపకి తగిలింది. అక్క జుట్టులాగే ఒత్తుగా, గరుగ్గా ఉంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. తుడుచుకున్నా ఆగలేదు. బస్సులో అందరి కళ్ళూ కారుతూనే ఉన్నాయి కాబట్టి నన్నెవరూ చూడలేదు.

అమ్మ తన కొంగు నా చేతిలో పెట్టింది.

"ఘాటెక్కువగా ఉందియ్యాల," అంది.

అవునమ్మా అన్నాను. బస్సు యార్డు దాటి బైపాస్ ఎక్కింది. గాలి మారింది. అందరూ గొంతులు సవరించుకుని మళ్ళీ మాటల్లో పడ్డారు. నాకు మాత్రం యడ్లపాడు దాటేదాకా ఆగలేదు. అమ్మ కొంగు వెనక్కి తీసుకోకుండా అలాగే వదిలేసి, నా మీదుగా వంగి, మెత్తగా ఏమన్నా వండనా, నమలగలవా అని మనవరాలిని అడుగుతోంది.